ఎముక కలకత్తాలో, బంగారు పూలు చెన్నైలో

బాపట్ల జిల్లా భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు అధికారి ఒక దిబ్బను, అంటే ఒక పాత బౌద్ధ స్తూపాన్ని, తవ్వించాడు. దిబ్బ నడుమ బావిలా కట్టిన గుంతలో, వేరు వేరు లోతుల్లో, మూడు రాతి మంజూషలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు భరిణెలు, బంగారు పూలు, ముత్యాలు, పూసలు, ఎముక ముక్క. మంజూషల మీద బ్రాహ్మీ అక్షరాలు. ఆ అక్షరాల్లో ఒక వాక్యం ఇలా ఉంది: కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు, శివుడు (దేవుడు కాదు, మనిషి పేరే) కలిసి బుద్ధుడి శరీర ధాతువులు, అంటే ఎముకల్లాంటి అవశేషాలు, దాచడానికి ఈ మంజూషను, స్ఫటికపు భరిణెను చేయించారు.

ఇంత వరకూ చాలామందికి తెలిసిన కథే. ఆ తర్వాత ఆ వస్తువులన్నీ ఏమయ్యాయన్నది తక్కువమంది పట్టించుకుంటారు. మంజూషలు, భరిణెలు, బంగారు పూలు మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ఇప్పుడూ అక్కడే, ఎగ్మూరులో ఉన్నాయి. ఎముకను ప్రభుత్వం మహాబోధి సొసైటీ అనే బౌద్ధ సంస్థకు అప్పగించింది. 1920లో కలకత్తా కాలేజ్ స్క్వేర్ దగ్గర కట్టిన ధర్మరాజిక చైత్య విహారంలో దాన్ని ప్రతిష్ఠించారు. ఇక స్తూపం ఒళ్లు? రీ వచ్చేటప్పటికే పబ్లిక్ వర్క్స్ వాళ్లు చాలా భాగం కూల్చి, ఇటుకలు రోడ్డుకీ, రాతి పలకలు పక్కనే ఉన్న వెల్లటూరు దగ్గర కాలువ పనులకీ వాడేసుకున్నారు.

ఒకే దిబ్బ, మూడు దారులు. ఎముక పూజకు పోయింది, పెట్టె చరిత్రకు పోయింది, రాయి అవసరానికి పోయింది. మనకు మిగిలిన పాత వస్తువులకు అసలు అర్థం ఎక్కడుంటుంది, వస్తువులోనా, దాని చుట్టూ ఉన్నవాటిలోనా అనే చిక్కుముడికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నా మటుకు నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: పాత వస్తువుకు అర్థం దాని సంబంధాల వల్ల వస్తుంది. ఎవరి తర్వాత ఎవరి చేతిలో ఉంది, దేని పక్కన ఉంది, ఏ నేల మీద ఉంది, ఇవే దాని బతుకు. ఆ సంబంధాల్లో ఒకటి తెంపిన ప్రతిసారీ కొంత అర్థం పోతుంది, కొత్తది కొంత వచ్చి చేరుతుంది. పోయిందెంత, వచ్చిందెంత అని లెక్క చూసుకోకుండా "కాపాడాం" అనేస్తుంటాం.

బౌద్ధులు వేసుకున్న లెక్క

ఈ ప్రశ్న మనకే కొత్తగా పుట్టలేదు. బౌద్ధ సంప్రదాయం చాలా కాలం కిందటే పవిత్ర వస్తువులను మూడు రకాలుగా విడదీసింది. మొదటిది శారీరకం: ఎముక, పన్ను, వెంట్రుక, బూడిద. రెండోది పారిభోగికం: ఆయన వాడినవి, తాకినవి, అంటే భిక్షాపాత్ర, చీవరం (కట్టుకున్న కాషాయ వస్త్రం), కింద కూర్చున్న బోధివృక్షం. మూడోది ఉద్దేశికం: ఆయన్ని గుర్తుచేసేవి, అంటే విగ్రహాలు, బొమ్మలు. మొదటిదానికి ఆయన ఒంటితో సంబంధం, రెండోదానికి స్పర్శతో, మూడోదానికి కేవలం మనసుతో. తాతగారి చేతికర్రను ఎవరికీ ఇవ్వకుండా అటక మీద దాచుకునే ఇళ్లు మనకు కొత్త కాదు కాబట్టి ఈ రెండో రకం ఎవరికైనా చటుక్కున అర్థమవుతుంది.

మొదటి రకం విషయంలో ఒక పేచీ ఉంది. బుద్ధుడు కుశినగరంలో పోయాక ధాతువుల కోసం యుద్ధం దాకా వచ్చిందనీ, ద్రోణుడనే బ్రాహ్మణుడు ఎనిమిది వాటాలు వేసి తగువు తీర్చాడనీ పాళీ గ్రంథాలు చెబుతాయి. వాటాలు వేసిన కుండను ద్రోణుడు తీసుకున్నాడు. ఆలస్యంగా వచ్చిన పిప్పలివన మోరియులకు బొగ్గులు మిగిలాయి. అలా మొత్తం పది స్తూపాలయ్యాయి. తర్వాత అశోకుడు వాటిలో ఏడు తెరిపించి ధాతువులను 84,000 స్తూపాలకు పంచాడంటారు. రామగ్రామంలోని ఎనిమిదో స్తూపాన్ని మాత్రం నాగులు ముట్టుకోనివ్వలేదట. పాములు చుట్టుకుని కాపలా కాస్తున్న స్తూపాన్ని మన అమరావతి శిల్పులు రాతి మీద చెక్కింది ఈ కథనే.

కథలో కుండకూ వాటా దక్కిందని గమనించండి. బొగ్గులకూ దక్కింది. అంటే ఆ కాలం వాళ్ల లెక్కలో ఎముక ఒక్కటే ధాతువు కాదు. ఎముకను కొలిచిన పాత్ర, చితిలో మిగిలిన మసి, పక్కన పోసిన పూలు, ముత్యాలు, అన్నీ ఆ సంబంధంలోకి వచ్చినవే. ఈ మాట తర్వాత మనకు పనికొస్తుంది.

నిజమేనా, కాదా?

భట్టిప్రోలు ఎముక నిజంగా బుద్ధుడిదేనా? సూటిగా చెప్పాలంటే, రుజువు చేసే దారి లేదు. ఎముక ఎంత పాతదో శాస్త్రం చెప్పగలదు, ఎవరిదో చెప్పాలంటే పోల్చి చూడడానికి ఆ మనిషిదని తేలిన ఇంకో నమూనా ఉండాలి. అలాంటిది లేదు. కాబట్టి ఇక్కడ డీఎన్ఏ టెస్ట్ అనే మాట ఎత్తడం వృథా.

కానీ ప్రశ్నను కొంచెం పక్కకు జరిపితే గట్టి సమాధానమే దొరుకుతుంది. మంజూష మీది అక్షరాలను చదివిన గేయార్గ్ బ్యూలర్ వాటిని క్రీ.పూ. 200 ప్రాంతానివని అంచనా వేశాడు. తర్వాతి పండితులు కొందరు ఆ కాలాన్ని అటూ ఇటూ జరిపారు. ఎటు జరిపినా, రెండు వేల ఏళ్లకు పైబడిన కాలంలో కృష్ణా డెల్టాలో ఒక కుటుంబం, ఒక గోష్ఠి (సంఘం), కుబిరకుడనే రాజు ఇది బుద్ధుడి ఎముకేనని నమ్మి సొంత ఖర్చుతో పెట్టెలు చేయించి లోపల పెట్టారన్నది మాత్రం రాతి మీద ఉన్న సత్యం. నమ్మకం నిజమో కాదో తేలకపోయినా, నమ్మారన్నది నిజం. చరిత్రకారుడికి ఇదే పెద్ద ఆస్తి. పూజ చేసేవాడికి ఇది ఏ మూలకీ చాలదు. ఇద్దరూ ఒకే వస్తువును చూస్తున్నారు గానీ వాళ్లు అడిగే ప్రశ్నలు వేరు.

ఇంకో సంగతి. కురుని అమ్మానాన్నలు తమ పేర్లు మనం చదవాలని రాయించలేదు. ఆ మంజూషను మూసి, మీద ఇటుకలు పేర్చి, దిబ్బ కట్టేశారు. మళ్లీ ఎవరూ తెరవకూడదనే కట్టారు. వాళ్లు ఉద్దేశించిన అర్థం పుణ్యం. మనకు అందిన అర్థం లిపి చరిత్ర, ఒక రాజు పేరు, ఒక ఇంటివాళ్ల పేర్లు. పెట్టె తెరిస్తే గానీ రెండోది రాదు, తెరిస్తే మొదటిది చెడుతుంది. ఈ ఇరకాటానికి మధ్యేమార్గం ఏదీ లేదు.

భట్టిప్రోలు అక్షరాలు మామూలు అశోకుడి బ్రాహ్మికి కొంత భిన్నం. కొన్ని అక్షరాల రూపాలే వేరు. హల్లుకు అకారం కలపడానికి విడిగా గీత పెట్టారు. దీన్ని చూపించి "తెలుగు లిపి పుట్టింది ఇక్కడే" అని గట్టిగా వాదించేవాళ్లున్నారు. నాకు అది తొందరపాటుగానే అనిపిస్తుంది. తెలుగు లిపి దక్షిణాది బ్రాహ్మీ రూపాలు మారుతూ మారుతూ వచ్చిన క్రమంలోది, భట్టిప్రోలు పద్ధతి అందులో పక్కకు తిరిగిన ఒక సందులా కనిపిస్తుంది. అయినా ఆ వాదన ఎందుకు పుట్టిందో చూడటం ముఖ్యం. వస్తువు పాతదే, దాని మీద మన కోరిక కొత్తది. అమరావతి రాతి ముక్క మీద "నాగబు" అన్న అక్షరాలను తొలి తెలుగు మాటగా గుండెలకు హత్తుకున్నదీ అలాంటి కోరికే. ఆ రాయి చెక్కినవాడికి తాను తెలుగు చరిత్రలో చేరుతున్నానన్న ఊహే ఉండి ఉండదు.

అమరావతి: రాయికి రెండు ముఖాలు

అమరావతి కథ ఇంకా పెద్దది, ఇంకా బాధ కలిగించేది. ధాన్యకటకంలోని మహాచైత్యం క్రీ.పూ. కాలంలో మొదలై శాతవాహనుల నాటికి పూర్తి వైభవానికి వచ్చింది. అది అంత తొందరగా చచ్చిపోలేదు. 1182లో కోట కేత రాజు వేయించిన శాసనంలో అక్కడి బుద్ధుడికి దానాల ప్రస్తావన ఉంది. 1344 నాటి శ్రీలంక గడలాదేణియ శాసనం, ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకంలో రెండంతస్తుల ఆలయాన్ని బాగు చేయించాడని చెబుతుంది. సముద్రం అవతల నుంచి వచ్చి మరమ్మతు చేయించే దాకా ఆ చోటుకు పేరుంది.

ఆ తర్వాత ఒక నాలుగున్నర శతాబ్దాలు గడిచేసరికి అక్కడున్నది దీపాల దిన్నె. స్తూపమన్న ఊహే జనంలో లేదు. 1796 ప్రాంతంలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త పట్నం కట్టుకుంటూ ఇటుకలూ పలకలూ కావాలంటే, మనుషులు వెళ్లి దిన్నెను తవ్వారు. ఆయన్ని తిట్టడం తేలిక. కానీ స్తూపం అని తెలిసి పడగొట్టినవాడికీ, దిన్నె అనుకుని తవ్వినవాడికీ తేడా ఉంది. వస్తువు అక్కడే ఉంది, సంబంధం మాత్రం ఎప్పుడో తెగిపోయింది. తెగిపోయాక మిగిలేది సరుకే: ఇటుక, సున్నపురాయి. సున్నపురాయిని కాల్చితే సున్నం వస్తుంది. ఎన్ని శిల్పాలు గోడలకు వేసే సున్నమైపోయాయో లెక్క కట్టే దారి లేదు.

1798 నాటికి కల్నల్ కాలిన్ మెకంజీకి వార్త చేరి వచ్చి చూశాడు. మళ్లీ 1816లో తిరిగొచ్చి తన సర్వేయర్లతో పలకలన్నిటికీ బొమ్మలు గీయించాడు. ఆ బొమ్మలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే పలకల్లో కొన్ని ఇప్పుడు ఎక్కడా లేవు. రాయి పోయింది, కాగితం మిగిలింది. మన్నికకు రాయిని మించింది లేదనుకునేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలు.

ఆ తర్వాత తవ్వినవాళ్ల వరుస పెద్దదే. 1845లో వాల్టర్ ఇలియట్, 1877లో రాబర్ట్ సీవెల్, ఆపైన బర్జెస్, చివర్న మన రీ. ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసులో ఎండకూ వానకూ కొన్నేళ్లు ఉండి, 1859లో ఓడెక్కి లండన్ చేరాయి. అక్కడా వెంటనే గౌరవం దక్కలేదు. 1860లలో జేమ్స్ ఫెర్గూసన్ వాటిని ఒక గుర్రబ్బండ్ల షెడ్డులో కనిపెట్టాల్సి వచ్చింది. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి మారాయి. ఇప్పుడు ఎయిర్ కండిషన్ చేసిన అద్దాల గదిలో నూట ఇరవైకి పైగా ఉన్నాయి. అదే 1880లో ఇక్కడ గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు హుకుం మీద దిన్నె మధ్యభాగమంతా శుభ్రంగా తవ్వేశారు. "శుభ్రంగా" అంటే ఏ పలక ఏ పొరలో, దేని పక్కన ఉందో రాసుకోకుండా. స్తూపం ఉండాల్సిన చోట గొయ్యి మిగిలింది.

లండన్‌లో ఉన్న ఒక పలక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. దానికి రెండు వైపులా చెక్కడం ఉంది. ఒక వైపు క్రీ.పూ. మొదటి శతాబ్దం నాటిది: బోధివృక్షం, దాని కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న జనం. బుద్ధుడి రూపం లేదు. ఆసనం చాలు, ఆయన కూర్చున్న చోటు కాబట్టి. ఇది అచ్చంగా ఆ రెండో రకం, స్పర్శ సంబంధం. సుమారు మూడు వందల ఏళ్లకు స్తూపాన్ని కొత్తగా అలంకరించాలనుకున్నవాళ్లు అదే పలకను తీసి, తిప్పి, రెండో వైపు ఒక పూర్తి స్తూపాన్ని, దాని ద్వారం దగ్గర నిలబడ్డ బుద్ధుణ్ణి చెక్కారు. పాత వైపు లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో "అసలు" ఏది? మ్యూజియం అద్దంలో రెండు వైపులూ కనిపిస్తున్నాయి. శిల్పులు ఉద్దేశించింది మాత్రం ఏదో ఒకటే కనిపించాలని. పాత పవిత్ర రాతిని తిప్పి వాడుకోవడం వాళ్లకు తప్పనిపించలేదు. అది స్తూపంలోనే ఉండిపోయింది కదా, అంతే చాలు. పాతది పాతదిగానే, చెయ్యి వేయకుండా ఉంచాలన్న మన పట్టుదల ఇటీవలిది. అది తప్పని నేను అనడం లేదు. కానీ ఆ పట్టుదలను శాతవాహనుల కాలానికి అంటగట్టలేం.

చెన్నైలో ఉన్న మరో పలక పూర్ణఘటం బొమ్మది. దాన్ని ఇచ్చినవాడు విధికుడు. చర్మకారుడు, నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. తన తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, చుట్టాలు, స్నేహితులు అందరితో కలిసి ఇచ్చానని రాయించుకున్నాడు. రాజుల శాసనాల్లో ఇలాంటి మనిషి కనిపించడు. తోలు పని చేసేవాడు ఆ కాలంలో రాతి పలక ఇచ్చే స్థితిలో ఉన్నాడనీ, వాళ్ల నాన్న ఉపాధ్యాయుడనీ, మహాచైత్యం మీద అతని పేరుకు చోటిచ్చారనీ ఈ ఒక్క ముక్క చెబుతుంది. ఇది సున్నం బట్టీలో పడి ఉంటే ఈ ఇంటివాళ్లు ప్రపంచంలోంచి పూర్తిగా మాయమయ్యేవాళ్లు.

నేల పోతే

నాగార్జునకొండలో తెగింది నేలతో సంబంధం. 1926లో ఆ లోయలో శిథిలాలు వెలుగులోకి వచ్చాయి. 1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ తవ్వించినప్పుడు మహాచైత్యంలో వెండి భరిణెలో బంగారు భరిణె, అందులో చిన్న ఎముక ముక్క దొరికాయి. ఇక్ష్వాకుల కాలంలో ఆ చైత్యాన్ని కట్టించింది చాంతిసిరి, చాంతమూల రాజు తోబుట్టువు. 1955 డిసెంబరులో నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాక లోయ మునిగిపోవడం ఖాయమైంది. అంతకుముందే, 1954లో, మొదలుపెట్టి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వి, ముఖ్యమైన కట్టడాలను విప్పి కొన్ని కొండ మీదా, కొన్ని అనుపులోనూ తిరిగి కట్టారు. నీళ్లొచ్చాక ఆ కొండ ద్వీపమైంది. 1966లో దాని మీద మ్యూజియం తెరిచారు.

డ్యామ్ కట్టకూడదని అనలేం. ఆ నీళ్లతో పండిన బియ్యం తిన్న రెండు రాష్ట్రాల జనం ఆ మాట అనడం బాగోదు కూడా. కానీ అనుపులో చూసేది ఏమిటో తెలుసుకుని చూడాలి. రాళ్లు అవే, కొలతలు అవే. ఏ విహారం పక్కన ఏ గుడి ఉండేది, నది రేవు నుంచి నడిచొచ్చేవాడికి ముందు ఏది కనిపించేది అన్న పొందిక మాత్రం నీళ్ల కింద ఉంది. దాన్ని ఎవరూ విప్పి మోసుకురాలేరు.

శ్రీశైలం ప్రాజెక్టు దగ్గర ఇదే సమస్యకు రెండు వేరు జవాబులు కనిపిస్తాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి ఆలంపూర్ తీసుకెళ్లి కట్టారు. సప్తనదీ సంగమేశ్వరంలోని గుడిని మాత్రం కదపలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం అది నీళ్లలోనే ఉంటుంది. వేసవిలో నీళ్లు తగ్గగానే బురద కడిగి, వేపదారు లింగానికి పూజలు మొదలుపెడతారు, నీళ్లొచ్చేదాకా జనం వస్తూనే ఉంటారు. కట్టడం భద్రత చూస్తే ఆలంపూర్‌దే మేలు. పాత సంబంధం తెగకుండా ఉండటం చూస్తే సంగమేశ్వరానిదే. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నాకు మటుకు సంగమేశ్వరం వైపే మొగ్గు. ఇంజనీర్లు ఒప్పుకోకపోవచ్చు.

ఇక ఆ లాంగ్‌హర్స్ట్ తీసిన ఎముక ముక్క. దాన్ని 1932లో మహాబోధి సొసైటీకి ఇచ్చారు. సారనాథ్‌లోని మూలగంధకుటి విహారంలో ఉంది. 2025 మే నెలలో భారత ప్రభుత్వం వైశాఖ పూర్ణిమ ఉత్సవాల కోసం వియత్నాంకు పంపిన "సారనాథ్ ధాతువులు" అవే. కోటి మందికి పైగా దర్శించుకున్నారని వార్తలొచ్చాయి. మాచర్ల ప్రాంతం నేలలోంచి వచ్చినది విమానంలో రాజలాంఛనాలతో వెళ్తే, అది సారనాథ్ పేరుతో వెళ్లింది. మన పత్రికలకు అదేమంత పెద్ద వార్త కాలేదు. ఊరి పేరు పోవడం కూడా ఒక సంబంధం తెగడమే.

కనపడని వస్తువు

ధాతువు కనిపించాలన్న నియమమూ లేదు. హైదరాబాద్ డబీర్‌పురాలోని బీబీ కా అలంలో (అలం అంటే మొహర్రం ఊరేగింపులో మోసే లోహపు గుర్తు), ప్రవక్త కూతురు హజ్రత్ ఫాతిమాకు చివరి స్నానం చేయించిన చెక్కపలక ముక్క ఉందని నమ్మకం. మొహర్రం పదో రోజున ఏనుగు మీద ఊరేగుతుంటే వేలమంది చూసేది లోహపు అలంనే, లోపలి చెక్కను కాదు. భట్టిప్రోలు మంజూష కూడా రెండు వేల ఏళ్లు ఎవరికీ కనిపించకుండానే పని చేసింది. జనం ప్రదక్షిణ చేసింది దిబ్బకు. లోపల ఉందన్న ఎరుక చాలు. మ్యూజియం దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ కనిపించకపోతే వస్తువు లేనట్టే.

దొంగలది ఇంకో తీరు. ప్రకాశం ప్రాంతంలోని చందవరం స్తూపం నుంచి చోరీ అయిన సున్నపురాతి శిల్పం ఒకటి, న్యూయార్క్ డీలర్ ద్వారా 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ కొనుగోలులో తేలింది. బుద్ధుణ్ణి పూజిస్తున్న భక్తుల బొమ్మ అది. మోసం బయటపడ్డాక 2016లో తిరిగి ఇచ్చేశారు. దొంగ సరుకుకు అమ్మకపు కాగితాల్లో ఊరు ఉండదు, "పాత సేకరణ" అని మాత్రం ఉంటుంది. ఊరు చెప్తే దొంగతనం బయటపడుతుంది కాబట్టి వస్తువును ముందు అనాథను చేస్తారు. శిల్పం అందం తగ్గదు, ధర తగ్గదు. అది ఏ గోడలో, ఏ దాత పలక పక్కన ఉండేదన్నది మాత్రం ఎగిరిపోతుంది. సున్నపురాయికి కార్బన్ డేటింగ్ కుదరదు. కాలం కట్టాలంటే పొర, పక్క వస్తువులు, అక్షరాల తీరు, చెక్కడం తీరు, ఇవే ఆధారం. వీటిలో మొదటి రెండూ తవ్విన చోటే ఉండిపోతాయి. అందుకే వేలంలో కొన్న శిల్పం గురించి పండితుడికి చెప్పడానికి పెద్దగా ఏమీ మిగలదు.

పిప్రహ్వా తెచ్చిన పేచీ

2025లో ఇదంతా ఒక్కసారి లీగల్ నోటీసు స్థాయికి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని పిప్రహ్వాలో 1898లో విలియం పెప్పె అనే ఇంగ్లీషు ఎస్టేటు దొర తన భూమిలోని స్తూపాన్ని తవ్వించాడు. ఎముకలు, భరిణెలు, వాటితో పాటు వందల కొద్దీ రత్నాలు, బంగారు రేకులు. ప్రభుత్వం ఎముకలను సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజుకు ఇచ్చింది. రత్నాల్లో అధికభాగం కలకత్తా మ్యూజియానికి వెళ్లింది. "డూప్లికేట్లు" అని చెప్పి కొన్నిటిని పెప్పెకు వదిలేశారు. ఆయన వంశస్థులు వాటిని 2025 మే నెలలో హాంకాంగ్‌లో సోథబీస్ ద్వారా వేలానికి పెట్టారు.

భారత ప్రభుత్వం లీగల్ నోటీసు పంపింది. వేలం ఆగింది. చివరికి గోద్రెజ్ సంస్థ వాటిని కొని, జులై 30న దేశానికి తిరిగి వచ్చేలా చేసింది. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించాను. కానీ ఇక్కడ చూడాల్సింది ప్రభుత్వం వాదన. రత్నాలు నగలు కావు, ఎముకలతో పాటు సమర్పించినవి కాబట్టి అవీ ధాతువుల్లో భాగమే, విడదీసి అమ్మడానికి వీల్లేదు అన్నది దాని సారం. ద్రోణుడి కుండకూ, మోరియుల బొగ్గులకూ స్తూపాలు కట్టిన సంప్రదాయాన్ని చూస్తే ఆ వాదన నూటికి నూరుపాళ్లు సరైనదే. 1898 నాటి అధికారులు "ఎముక మతానికి, రత్నం మ్యూజియానికి, మిగిలింది దొరకు" అని గీసిన గీత బౌద్ధులది కాదు, ఆఫీసులది.

అదే గీత భట్టిప్రోలు మీదా గీశారు. పిప్రహ్వా రత్నాలు ధాతువులే అయితే, కురుని అమ్మానాన్నలు ఎముకతో పాటు పెట్టిన స్ఫటికపు భరిణె, బంగారు పూలు కూడా ధాతువులే అవుతాయి. వాటిని ఎగ్మూరు మ్యూజియంలో పురాతన వస్తువులుగా చూపిస్తున్నాం, ఎముకకు కలకత్తాలో దీపం పెడుతున్నాం. హాంకాంగ్‌లో ఒప్పుకోనిది ఇంట్లో ఒప్పుకుంటున్నామన్నమాట. కలపాలంటే ఎక్కడ కలపాలి అన్నది ఇంకో తలనొప్పి. విహారంలో పెడితే పరిశోధకుడికి మంజూష అక్షరాలు దొరకవు. మ్యూజియంలో పెడితే ఎముక ఎగ్జిబిట్ అవుతుంది. భట్టిప్రోలుకే తెచ్చేద్దామంటే అక్కడి జనాభాలో ఆ ధాతువుకు మొక్కే బౌద్ధులు ఎంతమంది? అమరావతి పలకలు లండన్ నుంచి రావాలని డిమాండ్ చేసేవాళ్లు కూడా, చెన్నైలో ఉన్న వాటి గురించి అడిగినప్పుడు కొంచెం గొంతు తగ్గిస్తారు. అక్కడికీ ఇక్కడికీ మధ్య ఉన్నది సముద్రం కాదు, రాష్ట్రాల మధ్య ఒక గీత. అయినా అమరావతి గొయ్యి దగ్గర నిలబడి చూస్తే చెన్నై, లండన్ రెండూ ఒకే దూరం. విధికుడి పూర్ణఘటం అక్కడ లేదు, అంతే.